జీబ్రా డేనియో పిల్లలు తొమ్మిదో రోజుకే ఎందుకు పోతున్నాయి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.ఆర్.పల్లిలో ఇల్లు, రెండడుగుల ప్లాంటెడ్ ట్యాంకు, అంటే లోపల మొక్కలు పెంచేది, అందులో పది జీబ్రా డేనియోలు, అదే చారల జీబ్రా చేపలు. ఎనిమిది నెలలుగా ఆడ చేపల పొట్ట ఉబ్బుతోంది, తగ్గుతోంది, ట్యాంకులో మాత్రం ఒక్క పిల్ల కనపడలేదు. పోయిన నెల ఒక పొద్దున ఇసుక మీద గుడ్లు కనపడితే సన్న పైపుతో లాగి గాజు గిన్నెలో వేశావు, మూడో రోజుకి పిల్లలొచ్చాయి, ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. పెద్ద చేపలకి వేసే మేతనే మెత్తగా పొడి చేసి వేశావు. గుడ్లు తీసిన తొమ్మిదో రోజు పొద్దునకి గిన్నెలో ఒక్కటీ మిగల్లేదు. మన తిరుపతి నీళ్ళు పడలేదా అన్నా, ఏదైనా మందు వేయాలా అని అడిగావు.

నీళ్ళు కాదు, ఆకలి. నువ్వు రాసిన దాంట్లో 'తొమ్మిదో రోజు' అన్న మాట చూడగానే నాకు విషయం అర్థమైంది. పిల్లలు మొదటి రెండు మూడు రోజుల్లో పోయి ఉంటే నీళ్ళనో బూజునో అనుమానించేవాణ్ణి. జీబ్రా పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు పొట్ట కింద పచ్చసొన సంచి కట్టుకుని వస్తుంది, 28 డిగ్రీల నీళ్ళలో గుడ్డు పెట్టిన ఐదో రోజు దాకా, సుమారుగా, ఆ సంచే పిల్లకి తిండి. ఐదో రోజుకి పిల్ల అడ్డంగా ఈదడం మొదలుపెడుతుంది, అప్పటి నుంచి బయట తిండి దొరకాలి. దొరక్కపోతే వెంటనే చావదు, ఈదుతూనే ఉంటుంది, మనకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, చివరికి తొమ్మిదో రోజుకో పదో రోజుకో ఒంట్లో ఉన్నదంతా అయిపోయి దాదాపు అన్నీ ఒకేసారి పోతాయి. నీకు జరిగింది సరిగ్గా ఇదే.

మేత వేశాను కదా అంటావు. ఆ పిల్ల పొడవు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాని నోట్లో పట్టేది మిల్లీమీటర్‌లో పదో వంతు, మహా అయితే రెండు పదో వంతులు ఉండే జీవి. నువ్వు వేళ్ళ మధ్య ఎంత నలిపినా మేత పొడి అంతకంటే పెద్దగానే ఉంటుంది. సైజు సంగతి అటుంచినా, ఈ పిల్లలు వేటాడేది కదిలేదాన్నే. కళ్ళ ముందు ఏదైనా కదిలితే తోక వంచి ఒక్క ఉదుటున అందుకుంటాయి, కదలకుండా పడి ఉన్న పొడి వాటికి తిండిగా తోచదు. అది అడుగున పడి కుళ్ళి నీళ్ళని కూడా పాడు చేస్తుంది. కాబట్టి పైన ఆకలి, కింద కుళ్ళు, రెండూ కలిశాయి.

అందుకని ఈసారి వరుస మార్చు. గుడ్ల కోసం ఎదురుచూడటం ఆపి ముందు పిల్లల తిండి తయారు చెయ్యి. తిండి సీసాలో కదులుతూ కనిపించేదాకా చేపల్ని గుడ్లకి కలపొద్దు. ఇరవై ఏళ్ళుగా బైరాగిపట్టెడలో మా ఇంటి మిద్దె మీద, వరండాలో రకరకాల చిన్న చేపల్ని పెంచుతున్నాను. నన్ను అడగడానికి వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి గుడ్లు పెట్టించడం కష్టం కాలేదు, జీబ్రా చేపకైతే అసలు కష్టమే కాదు. అందరూ ఓడిపోయేది ఐదో రోజు నుంచి పదిహేనో రోజు మధ్యలోనే.

మొదటి తిండి ఇన్ఫ్యూజోరియా. కంటికి సరిగా కనపడని ఏకకణ జీవులు, మనం స్కూల్లో బొమ్మ వేసిన పారమీషియం లాంటివి. షాపులో కొనాల్సిన పని లేదు. గుప్పెడు వరిగడ్డి తీసుకో, పురుగుమందు వాసన లేనిది, పశువులున్న వాళ్ళ ఇంట్లో అడిగితే ఇస్తారు. చిన్న ముక్కలు చేసి పది నిమిషాలు నీళ్ళలో ఉడికించు. పూర్తిగా చల్లారాక ఆ గడ్డీ నీళ్ళూ కలిపి రెండు లీటర్ల గాజు సీసాలో సగం దాకా పోసి, మిగతా సగం నీ ట్యాంకు నీళ్ళతో నింపు. ఇప్పుడు అసలు పని, ట్యాంకులో పాతుకుపోయిన జావా మాస్ (నీళ్ళలో పెరిగే నాచులాంటి మొక్క) ఉంటే ఒక గుప్పెడు తీసి ఆ సీసా మీద గట్టిగా పిండు. ఆ మురికి నీళ్ళే విత్తనం, అందులోనే ఈ జీవులు ఉంటాయి. మూత పెట్టొద్దు, గాలి కావాలి. దోమలు గుడ్లు పెట్టకుండా పాత పంచె గుడ్డ కట్టి, ఎండ నేరుగా తగలని వెలుతురులో పెట్టు.

రెండో రోజుకి నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడి వాసన వస్తాయి. చాలామంది ఇక్కడ పాడైపోయిందనుకుని పారబోస్తారు. పారబోయొద్దు, అది బ్యాక్టీరియా పెరిగే దశ. ఐదు నుంచి ఏడు రోజుల్లో అదే నీళ్ళు తేటపడతాయి, చెడు వాసన పోయి తడి మట్టి వాసన లాంటిది వస్తుంది. బ్యాక్టీరియాని తినే జీవులు పెరిగాయని దానర్థం. రాత్రి గదిలో లైటు ఆపి, సీసా పక్కన ఫోన్ టార్చ్ పెట్టి చూడు, తెల్లటి సన్న నలుసులు కనిపిస్తాయి. దుమ్మా జీవులా అని అనుమానం వస్తే ఒక నిమిషం చూపు తిప్పకుండా చూడు. దుమ్మయితే నీళ్ళు ఎటు తిరిగితే అటు అన్నీ కలిసి పోతాయి. ఇవి ఒక్కోటి ఒక్కో దిక్కుకి పోతాయి, ఆగుతాయి, వెనక్కి తిరుగుతాయి. మొదటిసారి అది చూసిన రాత్రి నేను గంటసేపు అక్కడే నిలబడిపోయాను. నాలుగు రోజుల తేడాతో రెండో సీసా కూడా పెట్టు, ఒకటి నీరసించేసరికి రెండోది అందుకుంటుంది.

రెండో తిండి మైక్రోవార్మ్స్. దారం కన్నా సన్నగా ఉండే చిన్న తెల్ల పురుగులు, పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉన్నా లావు చాలా తక్కువ కాబట్టి పిల్లలు ఆరో రోజో ఏడో రోజో మింగగలుగుతాయి. ఎవరి దగ్గరైనా ఒక చెంచా కల్చర్, అంటే ఆ పురుగులున్న ముద్ద, తెచ్చుకుంటే ఇక జన్మలో కొనక్కర్లేదు. అందరూ ఓట్స్ మీద పెంచమంటారు, నేను మాత్రం మన ఇంట్లో ఎప్పుడూ ఉండే రాగి సంగటి మీద పెంచుతాను, ఉప్పు వేయకముందు ఒక ముద్ద తీసి పక్కన పెట్టి, చల్లారాక చిన్న డబ్బాలో వేలెడు మందాన పరిచి, పైన చిటికెడు ఈస్ట్ చల్లి, కల్చర్ కలిపి, మూతకి గుండుసూదితో పది చిల్లులు పెడతాను. మూడు నాలుగు రోజుల్లో పురుగులు డబ్బా గోడల మీదకి పాకుతాయి, వేలితో గోడ మీద నుంచి తుడిచి నీళ్ళలో జాడిస్తే చాలు. రెండు మూడు వారాలకోసారి కొత్త ముద్ద మీదకి మార్చాలి, లేకపోతే పుల్లబడి నల్లగా అయిపోతుంది.

మూడోది ఆర్టీమియా, అంటే ఉప్పునీటి రొయ్య పిల్లలు. వీటి గుడ్లు కొనాల్సిందే, అక్వేరియం షాపుల్లో చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. లీటర్ నీళ్ళకి 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు కలిపి, అర చెంచా గుడ్లు వేసి, అడుగు కోసి తలకిందులుగా వేలాడదీసిన కూల్‌డ్రింక్ సీసాలో గాలి గట్టిగా ఆడేలా పెడితే మన ఊరి వేడికి 24 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు వదిలేస్తే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు కిందికి చేరతాయి. అడుగు నుంచి లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి, మంచి నీళ్ళతో కడిగి వేయి. పెంకులు లోపలికి పోనివ్వకు, చేప పిల్లల పేగుల్లో అడ్డం పడతాయి. ఈ రొయ్య పిల్లలు అరమిల్లీమీటర్ దగ్గర ఉంటాయి కాబట్టి ఎనిమిదో రోజు కంటే ముందు వేసి లాభం లేదు. వేసిన అరగంటకి టార్చ్ పెట్టి చూడు, గాజులా ఉండే పిల్ల ఒంట్లో పొట్ట మాత్రం నారింజ చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్క కనపడిన పిల్ల బతుకుతుందని ధైర్యంగా ఉండొచ్చు.

ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన గుడ్డలో వేసి పిండమని కొందరు చెప్తారు. పాత పద్ధతే, కొన్ని పిల్లలు బతుకుతాయి కూడా. కానీ చుక్క ఎక్కువైందంటే సాయంత్రానికి తొట్టి కంపు కొడుతుంది. కొత్తవాళ్ళకి నేను చెప్పను.

ఇక గుడ్ల సంగతి. నీ ట్యాంకులో పొట్ట ఉబ్బి తగ్గుతోందంటే అవి గుడ్లు పెడుతూనే ఉన్నాయి. తెల్లవారి వెలుతురు పడిన మొదటి గంట రెండు గంటల్లో పెట్టేస్తాయి, పెట్టిన వెంటనే వాటినే వెతుక్కుని తింటాయి, నువ్వు కాఫీ తాగి ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగలదు. ఈ చేప మన దేశానిదే, గంగా బ్రహ్మపుత్ర ప్రాంతాల కాలువల్లో, వరి మడుల్లో, మెల్లగా కదిలే లోతు తక్కువ నీళ్ళలో ఉంటుంది, 1822లో హామిల్టన్ గంగా నది చేపల గురించి రాస్తూ మొదట వర్ణించాడు. అక్కడ గుడ్లు గులకరాళ్ళ సందుల్లోకి జారిపోతాయి కాబట్టి పెద్ద చేపల నోటికి అందవు. గుడ్డు దేనికీ అంటుకోదు, నేరుగా కిందికి పడుతుంది. ల్యాబుల్లో కూడా ఇదే కిటుకు వాడతారు. మన హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీతో సహా ప్రపంచమంతా పరిశోధనలకి ఈ చేపనే పెంచుతారు, అడుగున చిల్లులున్న చిన్న పెట్టెలో సాయంత్రం చేపల్ని వేసి, మధ్యలో అడ్డు పెట్టి, పొద్దున లైటు వేశాక అడ్డు తీస్తారు, గుడ్లు చిల్లుల్లోంచి కిందికి రాలిపోతాయి.

మనం ఇంట్లో చేసేదీ అదే. పది పదిహేను లీటర్ల తొట్టి తీసుకో, అందులో సరిగ్గా ఇమిడే కూరగాయలు కడిగే చిల్లుల బుట్ట దించు, గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరే కాబట్టి అలాంటి బుట్ట చిల్లుల్లోంచి జారిపోతుంది, చేప దూరకుండా ఉంటే చాలు. బుట్ట దొరక్కపోతే పిల్లలు ఆడుకునే గాజు గోలీలు రెండు మూడు వరసలు అడుగున పరుచు, నేను మొదట్లో గోలీలతోనే చేశాను. నీటి లోతు జానెడు కంటే తక్కువ ఉండాలి. ఒక మూల గుప్పెడు మాస్ పడేయి, ఆడ చేపకి దాక్కోవడానికి.

దీనికి వారం ముందు నుంచే ఆడవాటిని మగవాటిని వేరు చెయ్యి. ఆడది గుండ్రటి పొట్టతో వెండి రంగులో ఉంటుంది, మగది సన్నగా, చారల మధ్య పసుపు బంగారు ఛాయతో ఉంటుంది, పైనుంచి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఆ వారం రోజులూ రోజుకి మూడుసార్లు కొంచెం కొంచెంగా మంచి తిండి పెట్టు, ఆర్టీమియా గాని దోమ లార్వా గాని. దోమ లార్వా కంటే మంచి మేత నేను చూడలేదు, కానీ బకెట్‌లో పెంచితే రోజూ వడకట్టి మొత్తం తీసేయాలి. ఒక్క రోజు మరిచిపోయి అవి దోమలై ఎగిరిపోతే వీధిలో డెంగీకి మనమే కారణమవుతాం. ఆ జాగ్రత్త తీసుకోలేను అనుకుంటే ఆ పని పెట్టుకోకు. డ్రైనేజీల్లో పట్టే ట్యూబిఫెక్స్ పురుగుల జోలికి మాత్రం వెళ్ళకు, అవి రోగాలు వెంటబెట్టుకొస్తాయి.

సాయంత్రం ఆరు ఏడు గంటలకి రెండు ఆడవి, మూడు మగవి తొట్టిలోకి మార్చి, పైన వల కప్పి, ఇవి బాగా ఎగురుతాయి కాబట్టి కప్పడం మరిచిపోకు, తూర్పు వైపు కిటికీ దగ్గర పెట్టి లైట్లు ఆపేయి. పూర్తి చీకటి, తర్వాత వెలుతురు, ఆ మార్పే వాటికి సైగ. పొద్దున్నే లేచి దూరం నుంచి చూడు. మగవి ఆడదాని పక్కకి చేరి తలతో పొట్ట దగ్గర నెడుతూ వెంటపడతాయి, పక్కపక్కనే ఆనుకుని ఒక్క క్షణం వణుకుతాయి, అప్పుడు కొన్ని గుడ్లు రాలతాయి, మళ్ళీ పరుగు. తొమ్మిది పది గంటలకల్లా పెద్ద చేపలన్నిటినీ తీసేసి బుట్ట పైకెత్తు. అడుగున గాజు పూసల్లా గుడ్లు ఉంటాయి, ఒక్క ఆడ చేప వంద, రెండు వందలు పెట్టడం మామూలే. ఆ రోజు ఏమీ పెట్టకపోతే ఇంకో పొద్దున కూడా చూడు, అప్పటికీ లేకపోతే మళ్ళీ వేరు చేసి వారం మేపు, బలవంతం పెట్టొద్దు.

మధ్యాహ్నానికి కొన్ని గుడ్లు తెల్లగా, ముత్యంలా అయిపోతాయి. అవి పొదగవు, బూజు పట్టేది ముందు వాటికే, తర్వాత పక్కవాటికి పాకుతుంది. ఇంక్ ఫిల్లర్‌తో ఒక్కోటి ఏరేయి. నువ్వు అడిగిన మందు అవసరం ఇక్కడే, ఒకటి రెండు చుక్కల మిథిలీన్ బ్లూ, నీళ్ళు లేత ఆకాశం రంగుకి తిరిగేంత వరకే. ప్లాంటెడ్ ట్యాంకులో మాత్రం ఒక్క చుక్క కూడా వేయొద్దు. పిల్లలు వచ్చాక ఆ నీళ్ళని కొంచెం కొంచెంగా మార్చి రంగు పోగొట్టు, లేకపోతే మనం కష్టపడి పెంచిన ఇన్ఫ్యూజోరియా కూడా చచ్చిపోతుంది.

రెండో రోజు సాయంత్రం నుంచి మూడో రోజు లోపు పిల్లలు వస్తాయి. చేపల్లా ఉండవు, తొట్టి గోడలకి, మాస్‌కి తల అంటించుకుని వేలాడే సన్న గీతల్లా ఉంటాయి. కదలడం లేదని భయపడొద్దు, కదపొద్దు, తిండి వేయొద్దు. నాలుగో రోజుకో ఐదో రోజుకో ప్రతి పిల్లా ఒక్కసారి నీటి పైకి వచ్చి గాలి మింగి కిందికి వెళ్ళాలి, ఆ గాలితోనే ఒంట్లోని గాలితిత్తి నిండుతుంది, అప్పుడే అడ్డంగా ఈదగలుగుతుంది. నీటి పైన నూనె పొరలాంటిది కడితే ఈ చిన్న ప్రాణులు దాన్ని చీల్చుకుని రాలేవు, జీవితాంతం కింద పొర్లుతూ చచ్చిపోతాయి. చాలామందికి తెలియని కారణం ఇది. రోజూ పొద్దున ఒక న్యూస్‌పేపర్ ముక్కని నీటి మీద పరిచి మెల్లగా లాగేస్తే పొర దాంతో వచ్చేస్తుంది. లోతు తక్కువ పెట్టమన్నది కూడా ఇందుకే, పైకి రావడానికి దూరం తక్కువ.

ఐదో రోజు నుంచి ఇన్ఫ్యూజోరియా రోజుకి మూడుసార్లు, అడుగు మడ్డి రాకుండా సీసా మధ్యలోంచి ఫిల్లర్‌తో తీసి వేయి. ఆరేడు రోజుల నుంచి మైక్రోవార్మ్స్ కలుపు. ఎనిమిది తొమ్మిది రోజులకి ఆర్టీమియా మొదలుపెట్టినా ఇన్ఫ్యూజోరియా ఇంకో నాలుగు రోజులు ఆపొద్దు, ఒకే రోజు పుట్టిన పిల్లల్లో కొన్ని వెనకబడి ఉంటాయి, వాటికి అదే ఆధారం. తొట్టిలో పాత ట్యాంకు మాస్ ఉంచడం వల్ల నువ్వు ఆఫీసులో ఉన్న టైములో కూడా అవి దానిమీద ఏదో ఒకటి వెతుక్కుంటాయి, ప్లాంటెడ్ ట్యాంకు ఉన్నవాళ్ళకి ఉన్న పెద్ద లాభం ఇదే.

నీళ్ళ గురించి భయపడ్డావు కాబట్టి అది కూడా చెప్తాను. మనకి కుళాయిలో వచ్చే కల్యాణి డ్యాము, తెలుగుగంగ నీళ్ళు జీబ్రా చేపకి బాగానే సరిపోతాయి, క్లోరిన్ పోవాలంతే. ఒక రోజంతా బకెట్‌లో గాలి ఆడిస్తే పోతుంది, తొందరైతే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేయి. బోరు నీళ్ళు వీధికో రకం. మా బోరు నీళ్ళు లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ మీద 800 దాటి చూపిస్తాయి, బకెట్ అంచుకి తెల్లగా సున్నం పడుతుంది. పెద్ద జీబ్రాలు అందులో హాయిగా ఉంటాయి, గుడ్లకి మాత్రం నేను సగం బోరు, సగం ఆర్‌ఓ కలుపుతాను. మొత్తం ఆర్‌ఓ పోయొద్దు, అందులో వాటికి కావలసిన లవణాలు ఉండవు. ఒకసారి మా అపార్ట్‌మెంట్ సంప్‌లో చెప్పకుండా బ్లీచింగ్ పౌడర్ వేశారు, నేను ఎప్పటిలాగే ఒక చెంబు నీళ్ళు మార్చాను, మూడు వారాల పిల్లలు అరవైకి పైగా అరగంటలో పోయాయి. అప్పటి నుంచి నిన్నటి నీళ్ళు తప్ప నేటి నీళ్ళు వాడను. మొదటి పది రోజులు రోజూ పదో వంతు, గాలి పైపులోంచి చుక్క చుక్కగా పడేలా మార్చు.

సీజన్ ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళో బయట 42 డిగ్రీలు, ట్యాంకు నీళ్ళు 33 దాకా పోతాయి, ఆ వేడిలో నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు తిండి మానేస్తాయి, అప్పుడు ఈ ప్రయత్నం చేయొద్దు. మనకి పెద్ద వానలు బ్రహ్మోత్సవాలు అయ్యాక, దీపావళి చుట్టూ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి, అదే సరైన కాలం. వాన మొదలైన పావుగంట వదిలేసి, తర్వాత మిద్దె మీద పెట్టిన శుభ్రమైన టబ్బులో పట్టిన నీళ్ళు మెత్తటి నీళ్ళు, చల్లటి నీళ్ళు. గుడ్లకి కలిపే సాయంత్రం తొట్టిలో మూడో వంతు ఆ నీళ్ళు పోసి చూడు. మన శీలావతి, బొచ్చె వానకి ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపలే, వాటికి చుట్టమైన ఈ బుల్లి చేప కూడా కొత్త నీటికి వెంటనే కదులుతుంది. నాకు మంచి ఫలితాలన్నీ నవంబర్‌లోనే వచ్చాయి.

ఫిల్టర్ విషయంలో ఒక్కటే, పిల్లలున్న చోట స్పాంజి ఫిల్టర్ తప్ప వేరేది వద్దు, అది కూడా నెల రోజులు పెద్ద ట్యాంకులో నడిచినది, బుడగలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా. దోమల మందు మిషను గాని స్ప్రే గాని ఆ గదిలో వాడొద్దు, వాటిలో ఎక్కువగా ఉండే మందులు చేపలకి విషం, ఎయిర్ పంపు గదిలోని గాలినే లాగి నీళ్ళలోకి పంపుతుంది. చెరువు నుంచి మొక్కలు తెస్తే తెల్ల టబ్బులో వేసి కొమ్మ కొమ్మా జాడించి చూడు. తూనీగ పిల్ల ఒకటి హైడ్రిల్లాలో దాక్కుని వచ్చి మా తొట్టిలో వారంలో నలభై పిల్లల్ని తినేసింది, ఎందుకు తగ్గుతున్నాయో నాకు అర్థమయ్యేసరికి ఎనిమిది మిగిలాయి.

మూడు నాలుగు వారాలకి సెంటీమీటర్ దగ్గరికి వచ్చి చారలు స్పష్టంగా కనపడతాయి, అప్పుడు మెత్తటి పొడి మేత అలవాటు చెయ్యి. మూడు నెలలకి అవే గుడ్లు పెట్టే వయసుకి వస్తాయి. వంద గుడ్లలో మొదటిసారి పది పిల్లలు బతికినా నువ్వు బాగా చేసినట్టే.

ఇంత శ్రమ వద్దు, ప్లాంటెడ్ ట్యాంకులోనే రెండో మూడో పెరిగితే చాలు అనుకుంటే అదీ అవుతుంది. ఒక మూల రెండు గుప్పిళ్ళ మాస్ గుట్టగా పోసి, దాని పైన అంతరతామర తేలనిచ్చి వేళ్ళు కిందికి దిగనివ్వు, ఫిల్టర్ నోటికి స్పాంజి తొడుగు, పెద్ద చేపల్ని కడుపు నిండా మేపు. మాకు అలా పెంచిన ట్యాంకులో ఆరు నెలలకి ఐదారు పిల్లలు వాటంతటవే బయటపడ్డాయి. లైటు మాత్రం ఎనిమిది గంటలు దాటించకు, ల్యాబుల్లో 14 గంటలు పెడతారని చదివి పెట్టావంటే నెలలో ట్యాంకంతా నాచు పట్టిపోతుంది, వాళ్ళ తొట్లలో మొక్కలుండవు.

నియాన్ టెట్రా కూడా పెంచొచ్చా అని చివర్లో అడిగావు. ఇప్పుడే వద్దు, వాటి గుడ్లకి చాలా మెత్తటి, కొంచెం పులుపు నీళ్ళు కావాలి, చీకటి కావాలి, పిల్లలు జీబ్రా కంటే చిన్నవి. జీబ్రా తర్వాత చెర్రీ బార్బ్ గాని రోజీ బార్బ్ గాని తీసుకో, వాటి గుడ్లు మొక్కలకి అంటుకుంటాయి కాబట్టి బుట్ట బదులు మాస్ నిండా పెట్టి, గుడ్లు పెట్టాక పెద్దవాటిని తీసేస్తే సరిపోతుంది, తిండి వరుస మాత్రం ఇదే. పిల్లలు ఎక్కువైతే తెలిసినవాళ్ళకి, షాపులకి ఇవ్వు. స్వర్ణముఖిలోనో చెరువులోనో వదలొద్దు, అక్కడి పరిగెలకి మన ట్యాంకు రోగాలు అంటుతాయి.

ఈ ఆదివారం గడ్డి ఉడికించి సీసా పెట్టు, వచ్చే ఆదివారం టార్చ్‌లో కదలికలు కనపడితే అప్పుడు చేపల్ని వేరు చెయ్యి. మైక్రోవార్మ్స్ కల్చర్ నా దగ్గర ఉంది, సంగటి ముద్దతో సహా ఒక డబ్బా కట్టి ఇస్తాను, వచ్చి పట్టుకుపో. గుడ్లు తీసిన ఐదో రోజు పొద్దున పిల్లలు అడ్డంగా ఈదుతున్నాయా, గోడలకే వేలాడుతున్నాయా చూసి చెప్పు, ఇంకా వేలాడుతుంటే నీటి పైన పొర కట్టిందేమో ముందు అదే చూడాలి.